ఇల్లా, ఉద్యోగమా: ఎన్నిక యెవరిది?

మా పాఠశాలయందు పదునాలుగేండ్లు గణితము బోధించిన యొక యుపాధ్యాయిని గడచిన వేసవి సెలవులకు ముందు తన యుద్యోగమును విడిచెను. ఆనాడు ఉపాధ్యాయుల గదిలో రెండు విధములైన మాటలు వినబడెను. కొందరు "ఇంత చదువును బూడిదలో పోసిన పన్నీరైనది గదా!" యనిరి. మరికొందరు "పోనిండు, ఇకనైనను ఇల్లు చక్కబెట్టుకొనును" అనిరి. ఈ రెండు తెగలవారిలో నొక్కరును ఆమె కోరినదేమో యడిగినవారు కారు. నేనును అడుగలేదు. సెలవు పుచ్చుకొనునప్పుడు ఆమెయే నాతో నొక మాట యనెను: "మాస్టారూ, మానుమని నాతో నెవ్వరును అనలేదు. మానకుండుటకు వీలు కల్పించినవారును లేరు."

నెలనాళ్లు గడచిన పిమ్మట బంధువుల యింట వివాహమునకు మా యక్కగారితో కలిసి పోయితిని. ఆమె పట్టభద్రురాలు. పెండ్లియైన నాట నుండి ఇంటనే యుండుటను తానుగా కోరుకొన్నది. ఇద్దరు బిడ్డలను పెంచినది. పక్షవాతముతో మంచము పట్టిన మామగారికి ఎనిమిదేండ్లు సేవ చేసినది. పెండ్లిపందిటిలో నెవరో "మీరేమి చేయుచున్నారండీ?" యని యడుగగా, ఆమె నవ్వుచు "ఏమియు లేదమ్మా, ఇంట ఖాళీగానే యున్నాను" అని బదులు చెప్పినది. ఆ "ఖాళీ" యను మాట నన్నింటికి వచ్చువరకు విడువలేదు.

ఈ రెండును వేర్వేరు కథలని మొదట తోచును. కొంచెము నిదానించి చూచినచో రెండింటికిని మూలమొకటియే. వారిరువురును తమ తమ యిచ్ఛ ననుసరించియే నడచిరని లోకము వ్రాసికొన్నది. కాని మొదటి యామెకు రెండవ దారి మూయబడియుండెను. రెండవ యామె తానై యెన్నుకొన్న దారికి విలువ లేకుండెను. జీతపు పనికిని గృహకృత్యమునకును నడుమ స్త్రీ తన యిష్టము చొప్పున నెన్నుకొను స్వేచ్ఛ మనకెప్పుడు లభించినది, ఎంతవరకు లభించినది యను విషయమును చరిత్ర వెంట నడచి విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

మన ప్రాచీన గ్రంథములలో స్త్రీలు కూలికి పనిచేయుటనుగూర్చి మిక్కిలి వివరముగా చెప్పినది కౌటిల్యుని యర్థశాస్త్రము. అందు రెండవ యధికరణమున సూత్రాధ్యక్షుడను నధికారి ప్రసక్తి కలదు. నూలు వడికించుట, బట్టలు నేయించుట యతని పని. నూలు వడకుటకు వితంతువులను, అంగవైకల్యము గలవారిని, కన్యలను, సన్న్యాసినులను, ముసలివారైన రాజదాసీలను, దేవాలయసేవ మానిన దాసీలను నియమింపవలెనని కౌటిల్యుడు చెప్పెను. నూలు సన్నదనమును, ముతకదనమును బట్టి కూలి నిర్ణయింపవలెను. ఇల్లు వెడలని స్త్రీలకును, భర్త దూరదేశమున నున్నవారికిని తన దాసీలచేత పని యింటికే పంపి మర్యాదతో చేయింపవలెను. తెల్లవారుజామున నూలు తెచ్చి కూలి తీసికొనిపోవు స్త్రీ ముఖము చూచినను, పనికి సంబంధింపని మాట లాడినను ఆ యధికారికి దండన విధింపబడినది. కూలి యిచ్చుటలో నాలస్యము చేసినను దండనయే. కూలి తీసికొని పని చేయని స్త్రీకి మాత్రము బొటనవ్రేలికి సంబంధించిన క్రూరశిక్ష చెప్పబడినది. దానిని దాచిపెట్టి యా గ్రంథమును పొగడుట సత్యము కాదు.

ఈ పట్టికను మరల నొకసారి చదువుడు. వితంతువు, అనాథ, భర్త దూరమైనది, వార్ధక్యమున దిక్కులేనిది. పోషించు పురుషుడు లేని స్త్రీయే కూలికి వచ్చునని గ్రంథకర్త భావము. జీతము గతిలేనివారికి, ఇల్లు గతియున్నవారికి అను నీ తలంపు రెండువేల యేండ్లు మన వెంట నడచి వచ్చినది. రాబోవు కథలో దీనిని మరల మరల చూడగలము.

ఇక నార్జించిన ధనమెవరిది? భార్యకును, పుత్రునకును, దాసునకును స్వంతధనము లేదనియు, వారు సంపాదించినది వారెవరికి చెందుదురో వారిదే యనియు మనువు చెప్పెను. ఆ మనువే మరియొకచోట ధనమును కూడబెట్టుటయందును వ్యయము చేయుటయందును భార్యను నియోగింపుమనెను. అనగా తాళపుచెవులు ఆమెవి, పెట్టెలోని సొమ్ము ఆతనిది. స్త్రీధనము విషయమున కాత్యాయనుడు విశేషముగ చర్చించినాడు. పెండ్లినాటి కానుకలు, పుట్టింటివారిచ్చినవి ఆమెకు చెందునని యంగీకరించి, చేతిపనివలన నామె గడించినదానిపై మాత్రము భర్తకు స్వామ్యము కలదని చెప్పెను. పుట్టింటివారు దయతో నిచ్చినది ఆమెదట. తాను చెమటోడ్చి సంపాదించినది ఆమెది కాదట! మితాక్షరాకారుడు విజ్ఞానేశ్వరుడు స్త్రీధన శబ్దమునకు మిక్కిలి విశాలమైన యర్థము చెప్పినను, వ్యవహారమున కాత్యాయనుని మాట చాలకాలము నిలిచినది.

ఇదియంతయు గ్రంథములలోని మాట. పొలములలో నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసిన స్త్రీలకు ఈ చర్చయే లేదు. వారికి ఇల్లా కూలియా యను ప్రశ్న యెన్నడును పుట్టలేదు. ఇల్లును వారిదే, కూలియు వారిదే. నేతగాని యింట రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టునది స్త్రీయే. పడుగు సిద్ధపరచుటలో నామె చేయి తప్పక యుండును. బట్ట మాత్రము మగ్గముపై కూర్చున్నవాని పేర అమ్ముడగును. స్త్రీలు క్రొత్తగా పనికి వచ్చుచున్నారని మనము ముచ్చటించునప్పుడు ఏ కులముల స్త్రీలనుగూర్చి, ఏ తరగతి స్త్రీలనుగూర్చి మాటలాడుచున్నామో మరువరాదు. వారి పని క్రొత్తది కాదు. దానిని లెక్కించుట క్రొత్త.

పందొమ్మిదవ శతాబ్దమున స్త్రీవిద్యకై పాటుపడినవారిని మనము నిత్యము స్మరింపవలసినదే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించిరి. 1883లో స్త్రీలకొరకు సతీహితబోధిని యను పత్రికను వెలువరించిరి. కాని యానాటి సంస్కర్తలలో పెక్కుమంది స్త్రీవిద్యకు చూపిన ప్రయోజనము మంచి గృహిణిని, మంచి తల్లిని తయారుచేయుటయే. విద్య జీతమునకు దారి చూపినది ముందుగా వితంతువులకు. పూనాకు సమీపమున ధోండో కేశవ కర్వేగారు 1896లో వితంతుశరణాలయమును నెలకొల్పిరి. చెన్నపట్టణమున, తానును బాలవితంతువే యైన సోదరి సుబ్బలక్ష్మిగారు 1911లో పట్టపరీక్షయం దుత్తీర్ణులై, మరుసటి సంవత్సరమునుండి వితంతుబాలికలకు చదువు చెప్పించి వారిని ఉపాధ్యాయినులుగ తీర్చిదిద్దిరి. ఇది మహోపకారము. అయినను లోకము దీనికి సమ్మతించుటకు కారణమేమి? భర్త లేనిదానికి జీతము కావలెనని. కౌటిల్యుని పట్టిక మరల మన ముందునకు వచ్చినది. భర్త యున్నదానికి జీతమెందుకను ప్రశ్నకు అప్పటికింకను సమాధానము పుట్టలేదు.

ఆ ప్రశ్న మన దేశమునకే చెందినదని తలంపరాదు. ఇంగ్లండులో 1870 వరకు వివాహిత తన చేతులతో సంపాదించిన కూలి చట్టప్రకారము భర్తదే. ఆ యేటి వివాహిత స్త్రీల యాస్తి చట్టము ఆ కూలిని ఆమెకిచ్చెను. 1882 చట్టము ఆస్తిపై పూర్తి హక్కు నిచ్చెను. ధనము చేతికి వచ్చినంతనే మరియొక గోడ లేచెను. తపాలాశాఖలోను, ప్రభుత్వ కార్యాలయములలోను, పాఠశాలలలోను పనిచేయు స్త్రీ పెండ్లాడినచో నుద్యోగము విడిచిపోవలెనను నియమము ప్రబలెను. విడిచిపోవునప్పుడు కొన్ని శాఖలలో నొక చిన్న మొత్తమును పెండ్లి కానుకగా చేతిలో పెట్టి పంపెడివారు. 1919 చట్టము స్త్రీత్వము గాని వివాహము గాని యుద్యోగమునకు అనర్హత కారాదని చెప్పినను, ఆచరణలో గోడ కూలలేదు. లండను పౌరసభ తన యుపాధ్యాయినుల విషయమున 1935లో నియమమును తొలగించెను. 1944 విద్యాచట్టము దేశమంతట ఉపాధ్యాయినులకు విముక్తి కలిగించెను. 1946లో సాధారణ ప్రభుత్వోద్యోగములందు, 1973లో విదేశాంగశాఖయందు ఆ నియమము రద్దయ్యెను. ఐర్లండులోని ప్రభుత్వ కార్యాలయములలోను అది 1973 వరకు నిలిచియుండెను.

ఈ నియమము వెనుక ధర్మచింతకంటె జమాఖర్చు చింత యధికము. ఏటేట పెరుగు జీతము పైమెట్టునకు చేరకమునుపే పనివారు మారుచుండినచో యజమానికి లాభము. ఉద్యోగములు తక్కువైన కాలమున మగవారికి చోటు దొరకును. ఇంటికి ఇద్దరి జీతమెందుకను లోకవాదము దీనికి తోడైనది. అయినను ఇల్లు చెడిపోవునను పేరుతోనే నియమము చెలామణి యయ్యెను. ఫ్రాన్సులో 1965 వరకు భార్య ఉద్యోగమున కభ్యంతరము చెప్పు హక్కు భర్తకు చట్టమే యిచ్చినది. పశ్చిమ జర్మనీలో గృహధర్మములకు భంగము రానంతవరకే భార్య పనిచేయవచ్చునను నియమము 1977 వరకు నుండెను. అక్కడ మిగులు కాలము స్త్రీది, మొదటి కాలము ఇంటిది.

మన దేశపు స్థితి విచిత్రమైనది. 1874లో వచ్చిన వివాహిత స్త్రీల యాస్తి చట్టము భార్య యార్జన ఆమెదే యని చెప్పెను. కాని హిందువులకును ముసల్మానులకును ఆ చట్టము వర్తింపకుండ వదలబడెను. హిందూస్త్రీకి స్పష్టమైన మాట 1956 హిందూ వారసత్వ చట్టములో లభించినది. తన నేర్పువలనను శ్రమవలనను సంపాదించిన యాస్తియు ఆమె సంపూర్ణ స్వామ్యమునకు లోబడినదే యని అందలి పదునాలుగవ విభాగము చెప్పుచున్నది. కాత్యాయనుడు తీసివైచిన చేతిపని ధనమును పార్లమెంటు తిరిగి యామె చేతిలో పెట్టినదన్నమాట.

1950 జనవరి 26న వచ్చిన మన రాజ్యాంగము ప్రభుత్వోద్యోగములలో స్త్రీపురుష భేదము పాటింపరాదని పదునారవ యధికరణమున శాసించెను. శాసనమట్లుండ, 1954లో వెలువడిన ఐ.ఏ.ఎస్. నియమావళిలో వివాహిత నియామకమును హక్కుగా కోరజాలదనియు, నియామకమైన పిమ్మట పెండ్లాడినచో రాజీనామా చేయుమని ప్రభుత్వము కోరవచ్చుననియు వ్రాయబడినది. విదేశాంగశాఖ 1961 నియమావళిలో నింకొక మెట్టు పైకెక్కిరి; స్త్రీ వివాహమునకు ముందు ప్రభుత్వానుమతిని వ్రాతమూలమున పొందవలెను. పెండ్లాడు పురుషాధికారికి ఈ బాధ యేమియు లేదు. కూర్గు దేశమున 1924లో జన్మించిన సి.బి. ముత్తమ్మగారు 1949లో ఆ శాఖలో ప్రవేశించిన తొలి మహిళ. పెండ్లాడినచో రాజీనామా చేయుదునని ఆమెచేత ప్రవేశమునాడే వ్రాయించుకొనిరి. ఆమె హంగరీకి రాయబారియయ్యెను. పై పదవికి తన్ను త్రోసివేసినప్పుడు సుప్రీంకోర్టుకెక్కెను. 1979 సెప్టెంబరు 17న న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యరుగారు తీర్పు చెప్పుచు, వివాహితుడైన పురుషునకున్న హక్కు వివాహితయైన స్త్రీకి తక్కువ కారాదనియు, కుటుంబబాధ్యత అడ్డువచ్చునన్న భయము పురుషుని విషయములో మాత్రమేల కలుగదనియు ప్రశ్నించిరి. వ్యాజ్యము విచారణలో నుండగనే ప్రభుత్వము ఆమెకు పదోన్నతి యిచ్చి, వివాహనియమమును తొలగించుటకు పూనుకొన్నందున అర్జీ కొట్టివేయబడెను. అర్జీ పోయినది గాని యామె గెలిచినది.

కర్మాగారములలో ఈ పోరాటము అంతకుముందే జరిగినది. బొంబాయిలోని యొక యౌషధసంస్థ తన కడ పనిచేయు కన్యలు పెండ్లాడినంతనే పనినుండి తొలగవలెనని నియమము పెట్టగా, కార్మికసంఘము కోర్టుకెక్కెను. 1965లో సుప్రీంకోర్టు ఆ నియమమును త్రోసిపుచ్చెను. 1981లో విమానపరిచారికల వ్యాజ్యము వచ్చెను. నాలుగేండ్లలోపల పెండ్లాడినను, తొలి గర్భము ధరించినను వారి యుద్యోగము పోవునని నియమము. గర్భనియమము క్రూరమని కోర్టు కొట్టివేసెను. నాలుగేండ్లలోపలి వివాహనియమమును మాత్రము నిలిపెను. సైనికాస్పత్రిలో నర్సుగా నుండిన యొక యధికారిణి పెండ్లాడినదను కారణముచేత 1988లో తొలగింపబడెను. ఆమెకు న్యాయము జరిగినది 2024 ఫిబ్రవరిలో. ఇట్టి నియమము స్వేచ్ఛాచారమనియు, లింగవివక్షయనియు చెప్పి సుప్రీంకోర్టు అరువది లక్షల రూపాయల పరిహార మిప్పించెను. ముప్పదియారేండ్ల యుద్యోగజీవితమును తిరిగి యిచ్చు కోర్టు మాత్రము లేదు.

నాకు వృత్తిచేత మిక్కిలి సన్నిహితముగ తోచిన వ్యాజ్యములు రెండున్నవి. రెండింటను భార్య ఉపాధ్యాయినియే. 1970 దశాబ్దమున పంజాబు హర్యానా హైకోర్టు పూర్ణధర్మాసనమునకు వచ్చిన తగవులో దంపతులిరువురును వేర్వేరు గ్రామములలో బోధకులు. కాపురమెక్కడ నుండవలెనో నిర్ణయించు హక్కు భర్తదే యనియు, తన యుద్యోగముకొరకు భార్య వేరుగా నుండజాలదనియు ధర్మాసనము చెప్పెను. 1978లో ఢిల్లీ హైకోర్టుకు అట్టిదే తగవు వచ్చెను. భార్య పంజాబులోని సునాములో ఉపాధ్యాయినిగా చేరి ప్రధానోపాధ్యాయిని యైనది. భర్త ఢిల్లీలో చిన్నజీతముపై నున్నాడు. కాపురస్థానమును భర్తయొక్కడే నిర్ణయింపవలెనని యే చట్టమును చెప్పలేదనియు, అది యిరువురు కలిసి నిర్ణయించుకొనవలసిన విషయమనియు న్యాయమూర్తి వి.ఎస్. దేశపాండేగారు తీర్పు చెప్పిరి. రెండేండ్ల యెడములో రెండు న్యాయస్థానములు రెండు లోకములను చూచినవి. మన యిండ్లలో ఇప్పటికిని ఏ లోకము నడచుచున్నదో చదువరులే చెప్పగలరు.

ఇంతవరకు ఒక తలుపు కథ. ఇక రెండవ తలుపు మాట. ఇంటనుండుటను కోరుకొన్న స్త్రీ పనికి విలువ యెంత? 1989 మార్చి 3న జంషెడ్‌పూరులో నొక యుత్సవమున అగ్నిప్రమాదము సంభవించి యనేకులు మరణించిరి. వారిలో గృహిణులు పెక్కుమంది. జీతము లేనివారి ప్రాణమునకు పరిహారమెట్లు కట్టవలెనను ప్రశ్న సుప్రీంకోర్టు వరకు పోయెను. గృహిణి సేవల విలువ నెలకు మూడువేల రూపాయలకు తగ్గరాదని 2001లో కోర్టు నిర్ణయించెను. 2001 జనాభా లెక్కలలో ఇంటిపని చేయు స్త్రీలను పనిలేనివారిగా నెంచి భిక్షుకులతోను ఖైదీలతోను ఒకే వరుసలో చేర్చుటను 2010లో న్యాయమూర్తి ఎ.కె. గంగూలీగారు తీవ్రముగ ఖండించిరి. 2021 జనవరిలో కృష్ణాజిల్లాకు చెందిన మన తెలుగు న్యాయమూర్తి ఎన్.వి. రమణగారు మరియొక తీర్పులో, 2011 జనాభా లెక్కల ప్రకారము సుమారు పదునారు కోట్లమంది స్త్రీలు ఇంటిపనియే తమ ముఖ్యవృత్తియని చెప్పగా అట్లు చెప్పిన పురుషులు అరువది లక్షలకు లోపే యని యెత్తిచూపి, గృహిణికి ఊహాదాయము కట్టుట ఆమె శ్రమను గౌరవించుట యని వ్రాసిరి.

అయితే యీ విలువయంతయు గృహిణి మరణించిన పిదప కట్టినదే గదా! బ్రతికియున్న నాడామెకేమి? ఈ విషయమున 2023 జూనులో మద్రాసు హైకోర్టు చెప్పిన తీర్పు చెప్పుకొనదగినది. భర్త విదేశమున సంపాదించి పంపగా భార్య ఇల్లు నడిపి బిడ్డలను పెంచెను. ఆ ధనముతో కొన్న యాస్తులు తనవే యని భర్త వాదించెను. ఇరువది నాలుగు గంటల పని చేయుచు భర్తకు సంపాదించు తీరిక కల్పించిన భార్య కూడ ఆ సంపాదనకు కారకురాలే కావున, ఆమె కందు సమభాగము కలదని న్యాయస్థానము నిర్ణయించెను. గృహకృత్యము ఆర్జనయొక్క సగపాలని యిట్లు స్పష్టముగ చెప్పుట క్రొత్తది. పార్లమెంటు చేసిన చట్టమేదియు ఇంకను ఈ మాటను చెప్పలేదు.

ఇక నేటి లెక్క చూతము. పదునైదేండ్లు దాటిన స్త్రీలలో పనిలో నున్నవారును పని వెదకువారును కలిసి 2017–18లో నూటికి 23.3, 2023–24లో 41.7. పెరుగుదల పెద్దదే. అందు పెద్దభాగము పల్లెలలోని స్వయముపాధి; నెలజీతము చేతికి వచ్చునది కాదు. 2019 కాలవినియోగ పరిశీలనయందు జీతము లేని యింటిపనిలో పాల్గొను స్త్రీ దినమునకు సగటున 299 నిముషములు, పాల్గొను పురుషుడు 97 నిముషములు వెచ్చించుచున్నట్లు తేలినది. 2024లో అవి 289, 88. అయిదేండ్లలో స్త్రీకి పది నిముషములు తగ్గినవి. పురుషునకు తొమ్మిది నిముషములు తగ్గినవి! ఆమె విడిచిన పది నిముషములను ఆతడు చేపట్టలేదన్నమాట. మా తోటి యుపాధ్యాయిని మాటకు అర్థమీ యంకెలలో నున్నది. నియమములు పోయినవి, గడియారము మారలేదు.

ఇచట రెండాక్షేపణములు వినవచ్చును. తల్లి యుద్యోగమునకు పోయినచో బిడ్డల గతియేమని పెద్దలందురు. పొలముగట్టున చెట్టుకొమ్మకు ఉయ్యెల కట్టి కలుపు తీసిన తల్లిని వీరెన్నడును ఇట్లడుగలేదు. బిడ్డలకు తండ్రియు కలడు. వారిని చూచుకొను శిశుగృహములును ఉండవలెను. 2017లో ప్రసూతిసెలవు నిరువదియారు వారములకు పెంచుచు, ఏబదిమంది గాని యంతకు మించి గాని పనిచేయుచోట శిశుగృహ ముండవలెనని చట్టము చేసిరి. ఏబదికి తక్కువగా పనిచేయుచోట్లే మన యూళ్లలో నధికము.

రెండవ యాక్షేపణము సంస్కారప్రియులనుండి వచ్చును. ఇంటనుండుట దాస్యమనియు, చదివిన ప్రతి స్త్రీయు నుద్యోగము చేసితీరవలెననియు వారందురు. ఇదియు నొక నిర్బంధమే. నేడు వరుని తరపువారు "ఉద్యోగము చేయు పిల్లయే కావలెను" అని ముందుగనే చెప్పుచున్నారు. ఇంటి ఋణము కంతులకు ఆమె జీతము లెక్కలో చేరియున్నది. జీతము పడు ఖాతా ఆమె పేర నున్నను, ధనము తీయు కార్డు భర్త జేబులో నుండు కాపురములు నేనెరుగుదును. 1956 చట్టము కొట్టివేసిన కాత్యాయనుని నియమము ఆ చిన్నబిళ్లలో దాగి జీవించుచున్నది. అట్టిచోట ఉద్యోగము చేయుట స్వేచ్ఛ యనుట హాస్యము.

కావున స్త్రీ యుద్యోగము చేయవలెనా, ఇంటనుండవలెనా యని మనము తీర్పు చెప్పబూనుటయే పొరపాటు. ఆమె చెప్పిన తీర్పు నిలుచుటకు ఏమేమి కావలెనో చూచుట మన పని. పెండ్లిమాటలలో కట్నకానుకలకంటె ముందు ఈ విషయమును పిల్లను నేరుగా నడుగవలెను. ఆమె యార్జన ఆమె చేతిలో నుండవలెను. ఇంటనుండుటను కోరినచో, కొన్న యింటి పత్రము ఇరువురి పేర వ్రాయించవలెను. కొన్నేండ్లు ఇంటనుండి మరల పనికి రాగోరువారికి దారి యుండవలెను. 1937లో ఆంధ్ర మహిళాసభను స్థాపించిన దుర్గాబాయిగారు, మధ్యలో చదువు మానిన స్త్రీలను తక్కువకాలములో పరీక్షలకు సిద్ధపరచు పద్ధతిని తమ సభయందు ఆచరించి చూపిరి. ఆమె అధ్యక్షతన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో దానిని దేశమంతటికిని పథకముగ విస్తరించెను. నడుమ విరిగిన జీవితమును తిరిగి యతుకవచ్చునని ఆ తెలుగుతల్లి డెబ్బదేండ్లనాడే కనుగొన్నది. ఉద్యోగము విడిచిన స్త్రీలకు నేడు అట్టి దారి యెక్కడ?

వీటన్నింటికంటె కష్టమైనది ఆ నిముషముల లెక్క. దానిని చట్టము మార్చజాలదు. ఈ వ్యాసము వ్రాయబూనినప్పుడు నా యింటనే యొక వారము లెక్క వ్రాసి చూచితిని. నా భార్యయు నుద్యోగినియే. నీళ్లు పట్టుట, కూరలు తెచ్చుట మొదలగు వానిని చేర్చుకొన్నను నా వంతు దినమునకు ఎనుబదియెనిమిది నిముషములకు చేరలేదు. సంస్కరణమునుగూర్చి వ్యాసములు వ్రాయు నేను దేశపు సగటు మగవానికంటెను వెనుకబడియున్నాను! ఆ కాగితమును ఆమెకు చూపగా, "దీనిని వ్రాసిన నిముషములుకూడ కలుపుకొనుడు" అని నవ్వినది. మరునాటినుండి ఉదయపు వంట నా పాలికి వచ్చినది. చదువరులలోని గృహస్థులు కూడ ఒక వారము లెక్క వ్రాసి చూడవలెనని మనవి.